కొలతల పుస్తకంలో పిట్ట

సెప్టెంబరు 3

అన్నయ్యకి,

ఇక్కడ అందరం బావున్నాం అని మొదలుపెడదామనే కలం పట్టాను. రెండుసార్లు రాసి రెండుసార్లు కొట్టేశాను. బావుండడం సంగతి తర్వాత చూద్దాం, ముందు నా భయం విను.

నిన్న పిట్ట వాళ్ళ టీచరమ్మ నన్ను స్కూలుకి పిలిపించింది. వెళ్ళేసరికి పిల్లలంతా ఇళ్ళకి పోయారు. నా కూతురొక్కతే చివరి బల్ల దగ్గర కూర్చుని బూటు లేసు విప్పుకుంటూ కట్టుకుంటూ ఉంది. టీచరమ్మ కోప్పడలేదు. కోప్పడినా బావుండేది, నాలుగు మాటలు తిరిగి అనేదాన్ని. "అమ్మా, పాపకి చెవులు సరిగ్గా వినిపిస్తాయా?" అని మెల్లిగా అడిగింది. బిస్కెట్ పొట్లం విప్పితే మూడు గదుల అవతల నుంచి వింటుందండీ అన్నాను. ఆవిడ నవ్వలేదు. రిజిస్టరు నా వైపు తిప్పింది. పిట్ట పేరు ఎదురుగా ఎర్ర సిరాతో ఒకటే మాట, మూడు నెలలకీ అదే మాట: పరధ్యానం.

పిలిస్తే ఉలకదట, పలకదట. కూడిక మధ్యలో పెన్సిలు ఆపేసి ఎటో చూస్తుందట. అంతలోనే మళ్ళీ ఏమీ ఎరగనట్టు రాసుకుంటుందట. పిల్లలు దానికి 'బొమ్మ' అని పేరు పెట్టారట. ఆరేళ్ళ పిల్లకి ఎన్ని పేర్లు అన్నయ్యా! పుట్టినప్పుడు అరచేతిలో పట్టేంత ఉందని నువ్వు పిట్ట అన్నావు, దాంతో అసలు పేరు ఇంట్లో అందరం మర్చిపోయాం. ఇప్పుడు బొమ్మ కూడానా?

మీ బావతో చెబితే బస్సు తాళాలు వేలికి తిప్పుకుంటూ నవ్వాడు. "నా బస్సెక్కేవాళ్ళలో సగం మంది అంతే. దిగాల్సిన స్టాపు దాటాక లేచి నిలబడతారు" అన్నాడు. డ్రైవరు సీట్లో కూర్చున్న మనిషికి అంతా నవ్వులాటే. నాకు మాత్రం నిన్నటి నుంచి కుట్టుమిషను మీద కాలు ఆడడం లేదు. పిల్ల బుర్ర మందమేమో, పెద్దయ్యాక ఎలా బతుకుతుందో అని ఏవేవో ఆలోచనలు.

నువ్వు ఆ దీవిలో కూర్చుని రోజంతా గాలినీ మబ్బునీ కనిపెట్టుకుని ఉండేవాడివి. ధ్యాస నిలపడం నీకు తెలియక ఇంకెవరికి తెలుస్తుంది? పదిరోజులకోసారి వచ్చే పడవ తప్ప దిక్కు లేదు, ఫోనూ లేదు, అదేం ఉద్యోగమో! తొందరగా రాయి.

నీ సూది

సెప్టెంబరు 11

సూదికి,

నీ ఉత్తరం పడవలో ఉల్లిపాయల సంచి కింద నలిగి వచ్చింది. చదువుతుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఉల్లిపాయలవల్లే, నువ్వు మురిసిపోకు.

ముందు ఆ భయం దించి పక్కన పెట్టు. బుర్ర మందమా? నా మేనకోడలికా? పరధ్యానం మన ఇంటి సొత్తే పిచ్చిదానా. మన చిన్నత్త నీకు గుర్తుండదు, ఆవిడ పోయేనాటికి నీకు నాలుగేళ్ళు. వడ్డిస్తూ వడ్డిస్తూ గరిటె గాల్లో ఆపేసి ఎటో చూసేది. "మా చెల్లిది పరధ్యానం, అది దిగొచ్చేదాకా ఆగండి" అనేవాడు నాన్న. కంచాల ముందు అందరం నవ్వుతూ ఆగేవాళ్ళం. కాసేపటికి గరిటె కదిలేది. ఎంత మంచి మనిషో!

పిల్లకి కావలసింది తిట్లూ ట్యూషనూ కాదు, చూడడం నేర్పు. మందు రాస్తున్నాను, కడుపులోకి కాదు. రోజూ పొద్దున స్కూలుకి ముందు ఒక పావుగంట ఇద్దరూ పెరట్లో కూర్చోండి. మూలన పాత ఇనప బేసిను పడుంది కదా, దాన్ని కడిగి నిండా నీళ్ళు పోసి నిమ్మచెట్టు కింద పెట్టు. నీళ్ళకి ఏదో ఒకటి రాకపోదు. పక్కన ఒక పుస్తకం ఉంచుకో.

నేను ఉద్యోగంలో చేరిన రోజు మా పెద్దాయన రెండే సూత్రాలు చెప్పాడు, ఇరవయ్యేళ్ళుగా వాటి మీదే బండి నడుస్తోంది. చూసింది రాయి, అనుకున్నది రాయకు. ఇది మొదటిది. 'వానొచ్చేలా ఉంది' అని రాస్తే కాగితం చింపేసేవాడు. 'పడమర నల్లమబ్బు, గాలి లేదు, ఏడూ పది' అని రాయాలి. ఇక రెండోది: కదలకు. ఏం జరిగినా సరే కదలకు. నువ్వు కదిలితే చూడాల్సింది కాస్తా పారిపోతుంది. ఇది నీ నోటికి కూడా వర్తిస్తుంది.

నెల తిరిగేసరికి ఆ ఎర్ర సిరా మాట టీచరమ్మే కొట్టేస్తుంది, చూస్తూ ఉండు.

అన్న

సెప్టెంబరు 22

అన్నయ్యకి,

నీ మందు మొదలుపెట్టాం. మొదటిరోజు చీమలు కుట్టాయి. రెండోరోజు పక్కింటావిడ గోడ మీంచి తొంగిచూసి, "ఏమ్మా, తాళంచెవి పోయిందా, అలా బయట కూర్చున్నారు?" అని అరిచింది. మూడోరోజు మీ బావ నేనూ చూస్తానంటూ వచ్చి మా మధ్య కూర్చుని నిమిషంలో గురక పెట్టాడు. ఉడత ఒకటి ఆయన బూటు దాకా వచ్చి వాసన చూసి పోయింది. చెబితే నమ్మడు.

కొత్త పుస్తకం దేనికని నా కొలతల పుస్తకమే తీశాను. కుడి పేజీ బట్టలవాళ్ళకి, ఎడమ పేజీ పెరటికి. నిన్న లాయరుగారి కోటు కత్తిరించబోతూ చూద్దును కదా, 'భుజం పదిహేడున్నర, చెయ్యి ఇరవైనాలుగు, తోక పైకెత్తి గోడ దిగింది' అని ఉంది. మిషను ముందు ఒక్కదాన్నే పడీపడీ నవ్వాను. అలా నవ్వి ఎన్నాళ్ళయిందో.

అసలు సంగతి విను. రోజూ బేసిను అంచుకి బూడిదరంగు పిట్ట ఒకటి వస్తోంది. ముక్కు ముంచి, తల పైకెత్తి గుటక వేస్తుంది. నేను ఊపిరి బిగబట్టినా దానికి తెలిసిపోతుంది. మన పిట్టకి మాత్రం బెదరదు. నీమీదొట్టు, అది అంత కదలకుండా ఎలా కూర్చుంటుందో నాకు అంతుబట్టడం లేదు! చెయ్యి గాల్లో ఉంటే గాల్లోనే, నోరు తెరిచి ఉంటే తెరిచే. నిన్న ఆ పక్షి దాని మోకాలికి జానెడు దూరంలోకి వచ్చింది. టీచరమ్మని చెయ్యిపట్టి లాక్కొచ్చి, ఇదమ్మా నా కూతురి పరధ్యానం అని చూపించాలనిపించింది.

ఇంకో ముచ్చట. "అమ్మా, మన పెరట్లో పిట్టలు ఎగరవు తెలుసా? ఉంటాయి, తర్వాత ఉండవు. మాయమైపోతాయి" అంది. ఎంత చక్కటి మాటో చూడు! కబుర్లలో అచ్చం నీ పోలికే.

నా భయం చాలావరకు తగ్గింది. నీ నోట్లో చక్కెర పొయ్య.

నీ సూది

అక్టోబరు 1

సూదికి,

జానెడు దూరమా! ఇరవయ్యేళ్ళ సర్వీసులో ఏ పక్షీ నా దగ్గరికి గజం లోపల రాలేదు. వచ్చిన ఒక్కటీ నా చేతిలో రొట్టె కోసం వచ్చింది.

నీ ఉత్తరం మా వంటాయనకి చదివి వినిపించాను. ఈ దీవిలో నేను కాక ఉన్న మనిషి ఆయనొక్కడే, జన్మలో ఎవర్నీ మెచ్చుకోడు. గంటె కింద పెట్టి "పిల్ల గట్టిదే" అన్నాడు. మాయమైపోతాయన్న మాట నా గదిలో గోడ మీద రాసుకున్నాను.

ఇప్పుడు ఒక పని చెయ్యి. ఇప్పటిదాకా పక్షుల్ని రాస్తున్నావు, ఇకనుంచి మన పిట్టని కూడా రాయి. ఎన్నింటికి కదలకుండా అయిపోయింది, ఎంతసేపు ఉంది, చేతులెక్కడ, కళ్ళెక్కడ. మనసులో అంకెలు లెక్కపెట్టు. నా లెక్కల పక్కన పెట్టి చూసుకుంటాను, మామ గెలుస్తాడో కోడలు గెలుస్తుందో తేలిపోవాలి. మాయమైన పక్షి ఎటు మాయమైందో అది కూడా నువ్వే చూసి రాయి.

బావ గురక ఉడతల్ని బెదరగొట్టదని రాశావు, ఆ విషయం మా ఆఫీసుకి తెలియజేస్తాను.

అన్న

అక్టోబరు 12

అన్నయ్యకి,

నువ్వడిగిన లెక్కలు పంపుతున్నాను. చూసిందే రాశాను, అనుకున్నది ఒక్క ముక్క లేదు. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు దించాను. ఇది మొన్నటిది.

7:04. పిట్ట వచ్చింది. బేసిను అంచు మీద వాలి నీళ్ళు తాగింది.
7:05. మన పిట్ట "దాని తోక" అంటూ ఆగింది. చెయ్యి గాల్లో. పన్నెండు లెక్కపెట్టాను. రెప్పలు సన్నగా అదిరాయి. పెదవులు చప్పరిస్తున్నట్టు కదిలాయి.
7:05. పిట్ట ఎగిరింది. పిట్ట చూడలేదు.
7:06. మన పిట్ట "ఎలా ఊపుతోందో చూడమ్మా" అంది. బేసిను మీద ఏమీ లేదు.

అన్నయ్యా, మూడో వరస మళ్ళీ చదువు. ఆ పక్షి పిల్ల ముఖం పక్కనుంచే లేచింది. రెక్కల గాలికి దాని ముంగురులు కదిలాయి. కళ్ళు మాత్రం కదల్లేదు. బేసిను వైపే ఉన్నాయి, కానీ చూడడం లేదు. పిల్ల అక్కడ కూర్చునే ఉంది, అక్కడ లేదు.

పదిరోజుల్లో ఇలాంటివి పదిహేడు రాశాను. పెరట్లోనే కాదు. పాలగ్లాసు నోటి దగ్గర పెట్టుకుని ఒకసారి. మెట్లు దిగుతూ ఒకసారి, నేను పట్టుకోకపోతే ఏమయ్యేదో. కళ్ళ ముందు చెయ్యి ఊపాను, రెప్ప వెయ్యలేదు. చెవి దగ్గర పేరు పెట్టి పిలిచాను, పిట్ట అని కాదు, అసలు పేరు. ఉలుకూ లేదు పలుకూ లేదు. తర్వాత అడిగితే "నువ్వెప్పుడు పిలిచావు?" అంటుంది. పిట్టలు ఎందుకు మాయమవుతున్నాయో నాకు అర్థమైంది. ఇన్నాళ్ళూ నేను మురిసిపోయింది దేన్ని చూసి?

ఆ పేజీ చదివాక మీ బావ కూడా నవ్వడం మానేశాడు. పిల్లల డాక్టరమ్మ దగ్గర ఇరవైనాలుగో తేదీకి పేరు రాయించాం. అప్పటిదాకా ఎలా ఉండాలో తెలియడం లేదు, నాకు చాలా భయంగా ఉంది.

ఒకటి అడుగుతాను, దాటెయ్యకుండా చెప్పు. గరిటె గాల్లో ఆపేసేదన్నావే, చిన్నత్త. ఆవిడ ఎలా పోయింది?

సూది

అక్టోబరు 15, కార్డు

అన్నయ్యకి,

పోస్టుమాన్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు, పడవ సంచి ఇవాళే కట్టేస్తారట, అందుకే రెండు ముక్కలు. పొద్దున పిట్ట బేసినులో పడింది. తల నీళ్ళలో ఉండిపోయింది, కదల్లేదు. తీశాను. ఒళ్ళంతా చల్లబడిపోయింది. ఊపిరి ఉంది. కళ్ళు తెరిచింది గానీ ఏమీ తినడం లేదు. నాకు కాళ్ళూ చేతులూ ఆడడం లేదు. ఏం చెయ్యను?

సూది

అక్టోబరు 21

సూదికి,

నీ ఉత్తరం, కార్డు ఒకే పడవలో వచ్చాయి. కంగారు పడకు. ఇలాంటివి ఇక్కడ గాలివాన వచ్చినప్పుడల్లా చూస్తూనే ఉంటాను, సగానికి సగం బతుకుతాయి.

మెత్తటి పొడిగుడ్డలో వదులుగా చుట్టు. ఒక అట్టపెట్టె తీసుకుని మూతకి నాలుగు చిల్లులు పొడువు, అందులో పడుకోబెట్టి మూత పెట్టెయ్. చీకటిగా, వెచ్చగా ఉండాలి. నోట్లో నీళ్ళు పొయ్యకు, పొరబోతుంది. మాటిమాటికీ మూత తీసి చూడకు, చేత్తో నిమరకు. పిట్టలు దెబ్బకంటే భయంతోనే ఎక్కువ చస్తాయి. పొద్దెక్కాక మూత తీసి నిమ్మచెట్టు కింద వదిలెయ్, బతికేదైతే తనే లేచి పోతుంది. పోయిందనుకో, మన పిట్ట చూడకుండా తీసెయ్. పిల్లలు ఇలాంటివి మనసులో పెట్టుకుంటారు.

ఇక పన్నెండో తేదీ ఉత్తరం గురించి. నువ్వు చూసింది రాయడం మాని అనుకున్నది రాస్తున్నావు. పిల్ల లీనమై కూర్చుంటే చెవిలో అరిచి చెడగొట్టడమేమిటి? డాక్టరుకి చూపిస్తే చూపించు, ఆవిడా నామాటే అంటుంది.

చిన్నత్త కాలవలో జారిపడింది. గట్టున బట్టలు ఉతుకుతుండగా. అంతే. ఎప్పటిదో సంగతి, దాన్నిప్పుడు తవ్వకు.

అన్న

అక్టోబరు 31

అన్నయ్యకి,

నీ ఉత్తరం నిన్న ఆస్పత్రి వరండాలో బెంచీ మీద చదివాను. పిట్ట నా ఒళ్ళో తల పెట్టుకుని పడుకుని ఉంది. నా కూతుర్ని అట్టపెట్టెలో పెట్టి మూత వెయ్యమంటావా? బతికేదైతే తనే లేస్తుందా? పోతే తీసెయ్యమంటావా?

పడింది పక్షి కాదు. పిట్ట. మన పిట్ట. నువ్వు ఎత్తుకుని తిప్పిన పిట్ట.

ఒళ్ళు మండిపోయి కాగితం నలిపి పారేశాను, మీ బావ ఏరుకొచ్చాడు. ఆయన మడతలు సరిచేసి చదివాడు. తర్వాత "మీ అన్నయ్యకి పూర్తిగా రాయి. కార్డులో నాలుగు ముక్కలు రాస్తే ఎవరికి అర్థమవుతుంది?" అన్నాడు. ఆయన చెప్పబట్టి రాస్తున్నాను.

ఆ పొద్దున బేసినులో నీటిపురుగు ఒకటి ఈదుతోంది. పిట్ట మోకాళ్ళ మీద కూర్చుని అంచు పట్టుకుని వంగింది. "అమ్మా, దీనికి ఎన్ని కా" అంది, ఆగిపోయింది. ఏమవుతోందో నాకు తెలుసు. తెలిసి ఏం చేశానో తెలుసా? పుస్తకం తెరిచాను. టైము రాసి లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ఒకటి. తల కిందికి వాలింది. రెండు. ముక్కు నీళ్ళకి తగిలింది. మూడు. ముఖం మునిగింది. నా కూతురి ముఖం నీళ్ళలోకి దిగుతుంటే నేను అంకెలు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను అన్నయ్యా. కదలకు అన్నావు. నెలరోజులు అలవాటు చేసుకున్నాను, ఒళ్ళు దానంతటదే బిగుసుకుపోయింది. నాలుగు అనలేదు, ఒక్క దూకు దూకాను.

అది గింజుకోలేదు. ముఖం నీళ్ళలో ఉంటే ఎవరైనా కొట్టుకుంటారు కదా. అది కొట్టుకోలేదు. జుట్టు నీళ్ళ మీద పరుచుకుని ఊరికే ఉంది. జుట్టు పట్టి లేపాక ఒక్కసారి ఎగపీల్చి దగ్గి, నా ముఖం చూసి, "ళ్ళు?" అంది. మాట పూర్తి చేసింది. ముక్కులోంచి నీళ్ళు కారుతుంటే నేనెందుకు ఏడుస్తున్నానని అడిగింది. తర్వాత చలికి ముడుచుకుపోయి, ఏం పెట్టినా ముట్టలేదు. మీ బావ బండి పిలవడానికి పరిగెత్తాడు, ఆ సందులోనే నీకు కార్డు రాశాను. నువ్వు వెంటనే ఏదో ఒకటి చేసేస్తావని కాదు. చిన్నప్పటి నుంచీ భయమేస్తే నిన్ను పిలవడమే అలవాటు.

ఇరవైనాలుగు దాకా ఆగకుండా డాక్టరమ్మ ఆ రోజే చూసింది. పిట్ట చేతికి ఊదితే తిరిగే కాగితం గిలక ఇచ్చి, ఆపకుండా ఊదమంది. ఊదింది, ఊదింది, గిలక తిరుగుతుండగానే ఆగిపోయింది. గిలక తిరిగి తిరిగి ఆగింది. అప్పటికీ పిల్ల కళ్ళు అలాగే ఉన్నాయి. తర్వాత తలకి తీగలు అంటించి కాగితం మీద గీతలు తీశారు. మూర్ఛలో ఇదొక రకమట. పడి కొట్టుకోవడం, నురగ, అవేమీ ఉండవట. కొన్ని సెకన్లు దీపం ఆరి మళ్ళీ వెలుగుతుందట. చాలామందికి మందుతో అదుపులో ఉంటుందట. కొందరికి పెద్దయ్యాక పోతుంది, కొందరికి పోదు, మాట ఇవ్వలేను అంది.

నా కొలతల పుస్తకం మొత్తం చదివింది ఆవిడ. మధ్యలో ఆగి "నడుము నలభైరెండు, ఇది కూడా పాపదేనా?" అంది. లాయరుగారిదండీ అన్నాను. నవ్వి, మళ్ళీ చదివింది. "ఇలా రాయడం ఎవరు నేర్పారు? తల్లులంతా పరధ్యానం అనే చెబుతారు, మాకు తెలిసేసరికి ఏళ్ళు గడిచిపోతాయి" అంది. నీ మీద అంత కోపంలోనూ మా అన్నయ్య అని చెప్పాను.

చివరికి ఆవిడ ఒక ప్రశ్న వేసింది. మీ ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉండేదా? లేదు అనబోయాను. గరిటె గుర్తొచ్చింది.

అందుకని మళ్ళీ అడుగుతున్నాను. డాక్టరమ్మకి కావాలి, నాకు కావాలి. తవ్వకు అనకు. జారిపడింది అన్నది నువ్వు అనుకున్నది. నువ్వు చూసింది రాయి.

సూది

నవంబరు 9

చెల్లీ,

నీ ఉత్తరం చదివి ఇవాళ పొద్దున గాలి లెక్క రాయలేదు. ఇరవయ్యేళ్ళలో మొదటిసారి ఆ గడి ఖాళీగా ఉంది.

ముందు కార్డు సంగతి. మన మాటల్లో ఆడపిల్లకీ పిట్టకీ క్రియ ఒకటే. పడింది, తెరిచింది, తినడం లేదు, ఏదైనా కావచ్చు. పేరు కూడా ఒకటే పెట్టిన మహానుభావుణ్ణి నేనే. పక్షి అనుకున్నానని చెప్పి తప్పించుకోవచ్చు. కానీ నిజం రాస్తాను. కార్డు రెండుసార్లు చదివాను. రెండోసారి 'ఒళ్ళంతా చల్లబడిపోయింది' దగ్గర ఆగిపోయాను. పిట్ట కోసం సూది కాళ్ళూ చేతులూ ఆడకుండా అయిపోతుందా అని ఒక్క క్షణం అనుమానం వచ్చింది. పక్షి అనుకుంటే తేలిక. అందుకని పక్షే అనుకున్నాను. ఆ తేలికతోనే అట్టపెట్టె గురించి అంత హుషారుగా రాశాను. నువ్వు నలిపి పారేయడమే న్యాయం, బావ ఏరకపోయినా పోయేది.

ఇప్పుడు చూసింది రాస్తాను.

నాకు పదేళ్ళు. సెలవురోజు, మిట్టమధ్యాహ్నం. చిన్నత్త కాలవ గట్టున రాయి మీద కూర్చుని దుప్పటి జాడిస్తోంది. నేను ఐదారు అడుగుల దూరంలో ఉన్నాను. జాడిస్తూ జాడిస్తూ ఆగింది. చేతులు నీళ్ళలో, కళ్ళు ఎదర. మాకు ఒక ఆట ఉండేది. ఆవిడ ఆగినప్పుడల్లా నేను కూడా బొమ్మలా ఆగిపోయేవాణ్ణి, ముందు ఎవరు కదిలితే వాళ్ళు ఓడినట్టు. ఆవిడకి ఆ ఆట సంగతే తెలియదని ఇప్పుడు అర్థమవుతోంది. నేను ఆగాను. దుప్పటి ఆవిడ చేతుల్లోంచి జారి ప్రవాహంలో పోయింది. నేను కదల్లేదు. ఆవిడ ముందుకి వాలింది. మెల్లిగా, నిద్ర వచ్చినట్టు. నీళ్ళ చప్పుడు కూడా పెద్దగా రాలేదు. పైకి లేచి నవ్వుతుందని చూశాను. గెలవాలని చూశాను. ఎంతసేపో తెలియదు, ఎవరో కేక వేసేదాకా.

ఏమైందిరా అని నాన్న అడిగితే జారింది అన్నాను. జారలేదు. ఆ మాట ఎవరికీ చెప్పలేదు. నాన్న పోయారు, అమ్మ పోయింది, ఇద్దరికీ చెప్పలేదు. చూసింది రాయమని నీకు సూత్రాలు చెప్పినవాణ్ణి, ముప్పయ్యేళ్ళుగా చూసింది మింగి కూర్చున్నాను. అప్పుడు చెప్పి ఉంటే పరధ్యానం అన్న మాట వినగానే నువ్వు పిల్లని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళేదానివి. బేసిను ఉండేది కాదు.

నువ్వు మూడు లెక్కపెట్టి దూకావు. నేను దూకలేదు. నిన్ను నువ్వు తిట్టుకోవడం ఆపు.

ఇది డాక్టరమ్మకి చూపించు. సెలవు అడిగాను, ఇరవైతొమ్మిదో తేదీ పడవకి ఇస్తామన్నారు. పిట్టకి నా ముఖం చూపించనిస్తావో లేదో ఒక్క ముక్క రాయి. వద్దంటే రాను.

అన్న

నవంబరు 20

అన్నయ్యకి,

నీ ఉత్తరం మిషను ముందు కూర్చుని చదివాను. చదివాక ఏడ్చాను, నిజమే. చిన్నత్త కోసం కొంచెం. గట్టు మీద ఊపిరి బిగబట్టి నిలబడ్డ ఆ పదేళ్ళవాడి కోసం చాలా. అప్పుడు నేను నాలుగేళ్ళ దాన్ని కాకుండా ఉంటే నీ చెవి పట్టుకుని ఇంటికి లాక్కొచ్చి, చెప్పరా అనేదాన్ని. ముప్పయ్యేళ్ళు ఆలస్యంగా అంటున్నాను. చెప్పావుగా, ఇక చాలు. డాక్టరమ్మకి చూపించాను, కాగితాల్లో రాసుకుంది.

ఇక్కడ సంగతి. భయం పోలేదు. పోయిందని రాస్తే అబద్ధం. మందు మొదలుపెట్టిన వారం పిల్ల వాంతులు చేసుకుంది, మధ్యాహ్నాలు తూగింది. నిద్రో, మరొకటో తెలియక ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేదాన్ని. ఇప్పుడు నయం. కానీ అది ఎక్కడ ఒక్క క్షణం ఆగినా "ఏయ్ పిట్టా!" అని అరుస్తున్నాను. మొన్న విసుక్కుంది. "అబ్బా, ఆలోచించుకుంటున్నానమ్మా, కాసేపు ఆగు" అంది. మీ బావ వంటింట్లోంచి పకపకా నవ్వాడు. నెల తర్వాత ఆయన నవ్వు విన్నాను.

టీచరమ్మ ఆ ఎర్ర సిరా మాట కొట్టేసింది. పిల్లలకి తనే చెప్పింది, ఎవరూ బొమ్మ అనకూడదని.

బేసిను పాతసామాన్లవాడికి ఇచ్చేశాను. దాని చోట వేలెడు లోతు లేని పళ్ళెం పెట్టాను. మీ బావ ఇంక పెరట్లో కూర్చోవద్దన్నాడు. నాకూ అదే అనిపించింది, వారం తలుపు తియ్యలేదు. పిట్టే లాక్కెళ్ళింది. నీ రెండో సూత్రం కొట్టేశాను అన్నయ్యా, మొదటిది ఉంచాను. ఇప్పుడు దాని పక్కనే కూర్చుంటున్నాను, గౌను వెనక కుచ్చు నా పిడికిట్లో పెట్టుకుని.

ముఖం చూపించనిస్తానా అని అడగడానికి సిగ్గులేదూ? ఇరవైతొమ్మిది పడవెక్కు. మామయ్య వస్తున్నాడని దానికి చెప్పేశాను, రాకపోతే నువ్వే సమాధానం చెప్పుకోవాలి.

నిన్నటి పేజీ చించి పెడుతున్నాను. వెనకవైపు లాయరుగారి నడుము ఉంటుంది, పట్టించుకోకు.

నీ సూది

7:02. పిట్ట వచ్చింది. పళ్ళెం అంచు మీద వాలింది.
7:03. మన పిట్ట మాట మధ్యలో ఆగింది. నోరు తెరిచే ఉంది. కుచ్చు బిగించి పట్టుకున్నాను. ఒకటి. రెండు.
7:03. తుమ్మింది.
7:03. పిట్ట ఎగిరింది. పిట్ట చూసింది.